నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి హైదరాబాద్ వెళ్తున్నారా? రూము ఎక్కడ తీసుకోవాలో బస్సెక్కే ముందే లెక్కేసుకోండి..

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా కేంద్రమైంది. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. అయినా పెద్ద ఆపరేషన్, క్యాన్సర్ వైద్యం, సాఫ్ట్‌వేర్ ఇంటర్వ్యూ, గ్రూప్స్ కోచింగ్, అమెరికా వీసా.. వీటిలో ఏ పని పడినా నంద్యాల, ఆళ్లగడ్డ జనం ఎక్కువగా ఎక్కేది హైదరాబాద్ బస్సే. టికెట్ మాత్రం రెండు రోజుల ముందే తీస్తారు. రూము సంగతి మాత్రం "అక్కడ దిగాక చూసుకుందాంలే" అని వదిలేస్తారు. తెల్లవారుజామున చేతిలో బ్యాగులు, పక్కన పేషెంటు ఉన్నప్పుడు బేరం ఆడే ఓపిక ఎవరికీ ఉండదు. ఎదురుగా ఏ లాడ్జి కనిపిస్తే అందులో దిగిపోతారు. డబ్బు ఎక్కువగా పోయేది అక్కడే.

జేబులో ఎంత ఉన్నా సరే, హైదరాబాద్‌లో బస ఎంచుకునేటప్పుడు చూడాల్సింది రూము అద్దె ఒక్కటే కాదు. పని ఎక్కడ ఉంది, ఎన్ని గంటలకు ఉంది, అక్కడికి రోజూ రాను పోను ఎంతవుతుంది, చెక్అవుట్ ఎప్పుడు.. ఈ నాలుగూ కలిపితేనే అసలు ఖర్చు తేలుతుంది.

ఈ లెక్క ఆళ్లగడ్డ వాళ్లకు కొత్తేమీ కాదు. అహోబిలంలో తెల్లారే కొండెక్కి జ్వాలా నరసింహస్వామిని చూడాలనుకునే భక్తులు దిగువ అహోబిలంలోనే బస చేస్తారు. పొద్దెక్కాక వెళ్లినా చాలు అనుకునేవాళ్లు ఆళ్లగడ్డలోనో నంద్యాలలోనో ఉంటారు. పని వేళను బట్టి బస. హైదరాబాద్‌లోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది. కాకపోతే ఊరు పెద్దది కాబట్టి తప్పు చేస్తే పడే భారం కూడా పెద్దదే.

ముందు ఎక్కడ దిగుతారో చూసుకోవాలి

నంద్యాల నుంచి హైదరాబాద్ సుమారు 280-290 కిలోమీటర్లు. ఆళ్లగడ్డ నుంచి అయితే ఇంకో 40 కిలోమీటర్లు ఎక్కువ. ఆళ్లగడ్డకు రైల్వే స్టేషన్ లేదు. రైల్లో వెళ్లాలంటే నంద్యాల రావాల్సిందే. నంద్యాల నుంచి డోన్, కర్నూలు మీదుగా వెళ్లే రైలులో అయితే దిగేది కాచిగూడలో.

ఆర్టీసీ బస్సులు కర్నూలు దాటాక 44వ నంబరు జాతీయ రహదారి మీదుగా శంషాబాద్, ఆరాంఘర్ వైపు నుంచి నగరంలోకి వచ్చి ఎంజీబీఎస్ చేరతాయి. ప్రైవేటు బస్సుల్లో కొన్ని లక్డీకాపూల్, అమీర్‌పేట, కూకట్‌పల్లి, మియాపూర్ వైపు కూడా వెళ్తాయి. టికెట్ తీసేటప్పుడే డ్రాపింగ్ పాయింట్ల జాబితా చూసుకోవాలి. పని మాదాపూర్‌లో పెట్టుకుని ఎంజీబీఎస్‌లో దిగితే, అక్కడి నుంచి మళ్లీ ఊరంతా దాటాల్సి వస్తుంది.

మహిళలు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి అమలవుతున్న స్త్రీశక్తి ఉచిత ప్రయాణం రాష్ట్రం దాటే బస్సులకు వర్తించదు. తెలంగాణలో మహాలక్ష్మి ఉచిత ప్రయాణానికి తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు కావాలి. అంటే నంద్యాల, ఆళ్లగడ్డ ఆధార్ ఉన్నవాళ్లు హైదరాబాద్ సిటీ బస్సుల్లో టికెట్ తీయాల్సిందే. ఈ ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోవాలి. ఒకే రోజులో నాలుగైదు చోట్లకు తిరిగే పని ఉంటే 24 గంటలు చెల్లే టీ-24 టికెట్ గురించి కండక్టర్‌ను అడగొచ్చు.

మెట్రో మ్యాపే అసలు ఆధారం

హైదరాబాద్ కొత్తవాళ్లకు ఏరియాల పేర్లు గుర్తుండవు. మెట్రో మూడు లైన్లు గుర్తుపెట్టుకుంటే చాలు. ఎర్ర లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్ వరకు. నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గం వరకు. ఆకుపచ్చ లైను జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ వరకు. ఎరుపు, నీలం లైన్లు అమీర్‌పేటలో కలుస్తాయి. ఎరుపు, ఆకుపచ్చ లైన్లు ఎంజీబీఎస్‌లో కలుస్తాయి. నీలం, ఆకుపచ్చ లైన్లు పరేడ్ గ్రౌండ్ దగ్గర కలుస్తాయి.

దీన్నిబట్టి సులువైన నియమం ఒకటుంది. పని జరిగే చోటికి నడిచి వెళ్లేంత దూరంలో రూము దొరికితే అదే మంచిది. అది కుదరకపోతే, పని ఉన్న స్టేషన్ ఏ లైను మీద ఉందో అదే లైను మీద, స్టేషన్‌కు పది నిమిషాల నడకలో రూము చూసుకోవాలి. లైను మారాల్సిన చోట కాస్త ఆలోచించాలి. మెట్రోకు దూరంగా, రోజూ రెండుసార్లు ఆటో ఎక్కాల్సిన చోట రూము ఎంత చవకైనా జాగ్రత్తగా లెక్కేయాలి.

ఉదాహరణకు మూడు రోజులు ఉండాల్సిన కుటుంబాన్ని తీసుకుందాం. మెట్రోకు దూరంగా రూ.700 రూము దొరికింది. ఆస్పత్రికి ఆటో ఒకవైపు రూ.200 అనుకుంటే రాను పోను రూ.400. రోజుకు మొత్తం రూ.1,100. ఆస్పత్రి పక్క సందులో రూ.1,000 రూము ఉంది, నడిచి వెళ్లొచ్చు. మూడు రోజులకు మొదటిది రూ.3,300, రెండోది రూ.3,000. చవక అనుకున్నదే ఖరీదైంది. పేషెంటు మధ్యాహ్నం కాసేపు పడుకోవడానికి రూముకు వచ్చే వీలు రెండో దాంట్లోనే ఉంది.

ఏ పనికి ఏ ఏరియా?

*నిమ్స్:* పంజాగుట్ట మెయిన్ రోడ్డు మీదే ఉంటుంది. పంజాగుట్ట, ఇర్రం మంజిల్ స్టేషన్లు దగ్గర. రెండూ ఎర్ర లైను మీదే. ఎంజీబీఎస్‌లో దిగినవాళ్లు మెట్రో మారకుండా నేరుగా రావొచ్చు. పంజాగుట్ట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, అమీర్‌పేట.. ఎక్కడ రూము తీసుకున్నా ఇబ్బంది ఉండదు.

*నిలోఫర్ పిల్లల ఆస్పత్రి, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రి:* రెండూ రెడ్‌హిల్స్ ప్రాంతంలో ఉన్నాయి. లక్డీకాపూల్, నాంపల్లి వైపు బస చూసుకోవాలి. నాంపల్లి స్టేషన్ చుట్టూ అన్ని ధరల్లోనూ లాడ్జీలు ఉంటాయి.

*ఉస్మానియా ఆస్పత్రి:* అఫ్జల్‌గంజ్‌లో ఉంది. ఎంజీబీఎస్‌కు దగ్గరే. అఫ్జల్‌గంజ్, కోఠి, అబిడ్స్ వైపు రూము చూసుకుంటే ఆటో ఖర్చు దాదాపు ఉండదు.

*గాంధీ ఆస్పత్రి:* ఆకుపచ్చ లైను మీద ఆస్పత్రి పేరుతోనే స్టేషన్ ఉంది. ఎంజీబీఎస్ నుంచి ఒకే మెట్రో. బసకు సికింద్రాబాద్, ముషీరాబాద్ అనుకూలం.

*బసవతారకం క్యాన్సర్ ఆస్పత్రి, ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి:* రెండూ బంజారాహిల్స్‌లోనే ఉన్నా ఒకటి రోడ్డు నంబర్ 10 వైపు, మరొకటి రోడ్డు నంబర్ 2లో ఉంటాయి. "బంజారాహిల్స్‌లోనే రూము" అని చెబితే చాలదు, ఏ రోడ్డో అడగాలి. ఆస్పత్రి వెనుక వీధుల్లో, బస్తీల్లో పేషెంట్ల కుటుంబాలకు రోజు లెక్కన గదులు ఇచ్చే ఇళ్లు ఉంటాయి. మెయిన్ రోడ్డు హోటళ్ల కంటే అవే చవక.

*కోచింగ్:* సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట, ఎస్ఆర్ నగర్. గ్రూప్స్, సివిల్స్ అయితే అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్ రోడ్స్. దిల్‌సుఖ్‌నగర్‌లోనూ కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు బాగా ఉన్నాయి.

*ఐటీ ఇంటర్వ్యూలు, వీసా:* మాదాపూర్, హైటెక్ సిటీ, గచ్చిబౌలి వైపు పని అయితే నీలం లైను మీద రూము తీసుకోవాలి. ఆ ప్రాంతంలో రూములు ఖరీదు అనిపిస్తే అమీర్‌పేట, మధురానగర్, యూసఫ్‌గూడ వైపు చూసుకుని ఉదయం మెట్రో ఎక్కొచ్చు. అమెరికా కాన్సులేట్ 2023 మార్చి నుంచి నానక్‌రామ్‌గూడలో పనిచేస్తోంది. అపాయింట్‌మెంట్ పొద్దున్నే ఉంటే ముందురోజు రాత్రికే గచ్చిబౌలి పరిసరాల్లో ఉండటం మేలు. ఇక్కడ ఒక్కరాత్రి రూముకు నాలుగు వందలు ఎక్కువైనా వెనకాడకూడదు. ట్రాఫిక్‌లో చిక్కుకుని అపాయింట్‌మెంట్ పోతే అయ్యే నష్టం అంతకంటే ఎక్కువ.

*హోల్‌సేల్ సరుకు, పెళ్లి షాపింగ్:* బేగంబజార్, సుల్తాన్ బజార్, చార్మినార్ పనులకు కోఠి, అబిడ్స్, అఫ్జల్‌గంజ్ సరిపోతాయి. తిరుగు బస్సుకు మూటలు మోయడం కూడా తేలిక.

తెల్లవారుజామున దిగేవాళ్లకు అసలు మెలిక ఇదే

నంద్యాల, ఆళ్లగడ్డ నుంచి రాత్రి బస్సెక్కినవాళ్లు హైదరాబాద్‌లో తెల్లవారుజామున దిగుతారు. చాలా హోటళ్లలో రోజు లెక్క మధ్యాహ్నం 12 గంటలకు మారుతుంది. కొన్ని లాడ్జీల్లో మాత్రం రూములోకి వచ్చినప్పటి నుంచి 24 గంటల లెక్క. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ బిల్లులో పెద్దది.

సోమవారం ఉదయం 5 గంటలకు దిగి, మంగళవారం రాత్రి 10 గంటల బస్సుకు తిరిగి వెళ్లే కుటుంబం ఉందనుకుందాం. 12 గంటల చెక్అవుట్ ఉన్న చోట సోమవారం మధ్యాహ్నం వరకు ఒక రోజు, మంగళవారం మధ్యాహ్నం వరకు రెండో రోజు, రాత్రి దాకా ఉంటే మూడో రోజు. రూ.1,000 రూముకు రూ.3,000. అదే 24 గంటల లాడ్జిలో రూ.1,200 రూము అయినా రెండు రోజులకు రూ.2,400తో అయిపోతుంది.

12 గంటల లెక్క ఉన్న రూమే తీసుకోవాల్సి వస్తే రెండు దారులు ఉన్నాయి. ఓపిక ఉన్నవాళ్లు బస్టాండు, రైల్వే స్టేషన్ వెయిటింగ్ హాల్లోనే ముఖం కడుక్కుని నేరుగా ఓపీకి వెళ్లి, మధ్యాహ్నం తర్వాత రూములో దిగొచ్చు. చివరి రోజు మధ్యాహ్నమే రూము ఖాళీ చేసి, సామాను లాడ్జి కౌంటర్‌లోనో క్లోక్ రూమ్‌లోనో పెట్టుకోవచ్చు. సామాను ఉంచనిస్తారా అని దిగేముందే అడగాలి. మెట్రో మొదలయ్యేది ఉదయం 6 గంటల ప్రాంతంలో కాబట్టి 5 గంటలకు దిగినవాళ్లు తొందరపడి ఎక్కువ డబ్బులిచ్చి ఆటో ఎక్కకుండా కాసేపు ఆగితే కూడా మిగులుతుంది.

చేతిలో డబ్బు లేకపోతే..

ప్రభుత్వ ఆస్పత్రికి వచ్చినవాళ్లలో చాలామందికి రోజుకు రూ.300 కూడా భారమే. అలాంటి వాళ్లు ముందు అడగాల్సింది నైట్ షెల్టర్ గురించి. పట్టణ ప్రాంతాల్లో ప్రతి లక్ష జనాభాకు కనీసం 100 మందికి సరిపడా షెల్టర్ ఉండాలని జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ మార్గదర్శకాలు చెబుతున్నాయి. హైదరాబాద్‌లో జీహెచ్ఎంసీ ఇలాంటి షెల్టర్లు నడుపుతోంది. పెద్ద ప్రభుత్వ ఆస్పత్రుల దగ్గర పేషెంట్ల వెంట వచ్చినవాళ్ల కోసం కూడా ఇవి ఉన్నాయి. ఆస్పత్రి హెల్ప్ డెస్క్‌లోనో, సెక్యూరిటీ వాళ్లనో అడిగితే దారి చూపిస్తారు. మగవాళ్లకు, ఆడవాళ్లకు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి అది కూడా కనుక్కోవాలి. ఆధార్ కార్డు, ఓపీ చీటీ దగ్గర పెట్టుకోవాలి.

క్యాన్సర్ ఉన్న పిల్లల కుటుంబాలకు మరో అండ ఉంది. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్స్ అనే సంస్థ హైదరాబాద్‌లో కేంద్రాలు నడుపుతోంది. చికిత్స జరిగినంత కాలం తల్లిదండ్రులు, బిడ్డ ఉచితంగా ఉండొచ్చు. నేరుగా వెళ్తే చేర్చుకోరు, చికిత్స చేస్తున్న ఆస్పత్రి నుంచి సిఫారసు రావాలి. అందుకే ఆస్పత్రిలో మెడికల్ సోషల్ వర్కర్ ఎవరో మొదటి రోజే కనుక్కోవాలి. బసకు, మందులకు, దాతల సాయానికి దారి తెలిసేది వాళ్లకే.

ఎన్టీఆర్ వైద్య సేవ కింద హైదరాబాద్ నెట్‌వర్క్ ఆస్పత్రికి వెళ్లేవాళ్లు కూడా ఒక స్పష్టతతో ఉండాలి. ఆ పథకం పేషెంటు చికిత్స కోసం. వెంట వెళ్లినవాళ్ల లాడ్జి ఖర్చు అందులోకి రాదు. వెళ్లేది ముగ్గురా, ఒక్కరు సరిపోతారా అనేది ఇంటి దగ్గరే తేల్చుకోవాలి. ఒక మనిషి తగ్గితే బస్సు టికెట్, భోజనం, రూము అన్నీ తగ్గుతాయి.

భోజనానికి నంద్యాలలో అన్న క్యాంటీన్లు ఉన్నట్టే హైదరాబాద్‌లోనూ రూ.5 క్యాంటీన్లు ఉన్నాయి. ఇంతకుముందు అన్నపూర్ణ అనేవాళ్లు, ఇప్పుడు ఇందిరమ్మ క్యాంటీన్లు.

రూ.1,000 లోపు అయితే..

కాచిగూడ, నాంపల్లి, సికింద్రాబాద్, అఫ్జల్‌గంజ్ పరిసరాల్లో పాతకాలపు లాడ్జీలు, డార్మిటరీలు, సత్రాలు ఈ బడ్జెట్‌లో చూసుకోవచ్చు. డార్మిటరీలో మంచం చవకే కానీ సామానుకు తాళం వేసే లాకర్ ఉందో లేదో చూడాలి. ఆపరేషన్ అయిన మనిషికి డార్మిటరీ పనికిరాదు.

రైల్లో వచ్చేవాళ్లకు రైల్వే రిటైరింగ్ రూములు మంచి అవకాశం. కన్ఫర్మ్ లేదా ఆర్ఏసీ టికెట్ పీఎన్ఆర్ నంబరుతో ఐఆర్‌సీటీసీలో బుక్ చేసుకోవచ్చు. గరిష్ఠంగా 48 గంటలు ఇస్తారు. ప్రయాణం మొదలయ్యే స్టేషన్‌లో గానీ, ముగిసే స్టేషన్‌లో గానీ తీసుకోవచ్చు. ఆళ్లగడ్డ నుంచి బస్సులో వచ్చినా, తిరుగు ప్రయాణం కాచిగూడ నుంచి నంద్యాలకు రైల్లో పెట్టుకుంటే ఆ టికెట్‌తో ప్రయత్నించొచ్చు. గదులు తక్కువ కాబట్టి ముందే చూసుకోవాలి.

రూ.1,000 నుంచి రూ.2,500 దాకా..

మధ్యతరగతి కుటుంబాలు ఎక్కువగా వెతికేది ఈ రేంజ్‌లోనే. లక్డీకాపూల్, అమీర్‌పేట, సికింద్రాబాద్, అబిడ్స్, కూకట్‌పల్లిలో ఏసీ రూములు, లిఫ్ట్ ఉన్న హోటళ్లు దొరుకుతాయి. యాప్‌లో కనిపించే రూములూ ఎక్కువ ఈ ధరలోనే. ఇక్కడ ఫోటోలు చూసి మోసపోకూడదు. ఇటీవలి రివ్యూలు, ముఖ్యంగా తక్కువ స్టార్లు ఇచ్చినవాళ్లు ఏం రాశారో చదవాలి. నీళ్లు, బాత్రూమ్, లిఫ్ట్ గురించి అక్కడే అసలు సంగతి బయటపడుతుంది.

అంతకుమించి పెట్టగలిగితే..

బేగంపేటలో టూరిజం ప్లాజా, ఐటీసీ కాకతీయ, బంజారాహిల్స్‌లో తాజ్ కృష్ణా వంటి హోటళ్లు ఉన్నాయి. ప్యాలెస్‌లో ఉండాలన్న సరదా ఉంటే 2010 నుంచి హోటల్‌గా నడుస్తున్న తాజ్ ఫలక్‌నుమా ఉంది. ఎంత పెద్ద హోటల్ అయినా ట్రాఫిక్‌ను తప్పించలేదు. ఫలక్‌నుమాలో ఉండి ఉదయం 9 గంటలకు గచ్చిబౌలిలో మీటింగ్ పెట్టుకుంటే చిక్కే.

పన్ను ఎంత వేయాలి?

2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు రూ.7,500 వరకు ఉన్న రూములపై జీఎస్టీ 5 శాతం. అంతకుముందు 12 శాతం ఉండేది. రూ.7,500 దాటితే 18 శాతం. అంటే రూ.1,500 రూముకు పన్ను రూ.75, మొత్తం రూ.1,575. బిల్లులో ఇంకా పాత 12 శాతం వేసి ఉంటే అడగాలి. జీఎస్టీ నంబర్ లేని చిన్న లాడ్జి పన్ను పేరుతో డబ్బు తీసుకోకూడదు.

సర్వీస్ చార్జి సంగతి వేరు. హోటళ్లు, రెస్టారెంట్లు దాన్ని బిల్లులో తమంతట తామే కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. తీసేయమని అడిగే హక్కు కస్టమర్‌కు ఉంది. వినకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయొచ్చు.

అడ్వాన్సు పంపే ముందు ఆగాలి

గూగుల్‌లో లాడ్జి పేరు కొడితే వచ్చే ప్రతి ఫోన్ నంబరూ ఆ లాడ్జిదే కాకపోవచ్చు. నకిలీ నంబర్లు పెట్టి "సగం అడ్వాన్సు పంపితే రూము ఖాయం" అనే మోసాలు జరుగుతున్నాయి. క్యూఆర్ కోడ్ పంపి తొందరపెడితే అనుమానించాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చెబితే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

ఫోన్‌లో అడగాల్సిన ప్రశ్నలు ఇవీ:
- "అన్నా, చెక్అవుట్ 12 గంటలదా, 24 గంటలదా?"
- "పొద్దున 5 గంటలకు దిగుతాం, అప్పుడే రూము ఇస్తారా? దానికి వేరే చార్జి ఉందా?"
- "ముగ్గురం వస్తున్నాం. మూడో మనిషికి ఎంత?"
- "లిఫ్ట్ ఉందా? లేకపోతే కింది అంతస్తులో ఇస్తారా?"
- "వేడినీళ్లు ఏ టైంలో వస్తాయి?"
- "పన్నుతో కలిపి మొత్తం ఎంత?"

గుర్తింపు కార్డు అడిగితే ఇవ్వాల్సిందే. ఆధార్ ఇచ్చేటప్పుడు చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ డౌన్‌లోడ్ చేసుకుని ఉంచుకుంటే మంచిది.

మెట్లు కూడా చూసుకోవాలి

2022 సెప్టెంబరు 12న సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు చెలరేగి 8 మంది ప్రాణాలు కోల్పోయారు. చనిపోయినవాళ్లు పైన రూముల్లో బస చేసినవాళ్లే. రూము చూసేటప్పుడు మంచం, ఏసీతో పాటు రెండో మెట్ల దారి ఉందా, దానికి తాళం వేశారా, కిటికీకి తెరవడానికి వీల్లేని గ్రిల్ ఉందా, కింద అంతస్తులో ఏం నడుపుతున్నారు అన్నవి చూడటానికి రెండు నిమిషాలు చాలు. ఒకే ఇరుకు మెట్ల దారి ఉన్న పైఅంతస్తు రూము వంద రూపాయలు తగ్గినా తీసుకోకపోవడమే మంచిది.

నెలల తరబడి ఉండాలంటే..

బ్యాంకు కోచింగ్ కోసం రెండు రాష్ట్రాల నుంచి పిల్లలు నంద్యాలకు వస్తుంటారు. హాస్టల్ అంటే ఎలా ఉంటుందో నంద్యాల జనానికి బాగా తెలుసు. హైదరాబాద్‌లో హాస్టల్ వెతికేటప్పుడూ అవే చూడాలి. రూములో ఎంతమంది, బాత్రూమ్‌కు ఎంతమంది, నీళ్లు ఎప్పుడు, ఆదివారం రాత్రి భోజనం ఉందా లేదా. అడ్వాన్సు ఎంత, ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, మెయింటెనెన్స్ పేరుతో ఎంత కోస్తారు అనేది కాగితం మీద రాయించుకోవాలి. డబ్బు కట్టిన ప్రతిసారీ రసీదు తీసుకోవాలి. మొదటి నెల చూసుకోకుండా ఆరు నెలల డబ్బు ఒకేసారి కట్టకూడదు.

నెలకు ఒక్కొక్కరికి రూ.20,000 లోపు అద్దె ఉండి, వరుసగా కనీసం 90 రోజులు ఉంటే హాస్టల్, పీజీ బసకు జీఎస్టీ లేదు. 2024 జూన్‌లో జీఎస్టీ కౌన్సిల్ తీసుకున్న నిర్ణయం ఇది. అమ్మాయిలు రాత్రి గేటు మూసే టైం, మెట్రో స్టేషన్ నుంచి హాస్టల్ దాకా రోడ్డు మీద లైట్లు చూసుకున్నాకే చేరాలి. పగలు ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి ఆ దారిలో నడిస్తే తెలిసిపోతుంది. ఇబ్బంది వస్తే 112, మహిళల హెల్ప్‌లైన్ 181 ఉన్నాయి.

క్యాన్సర్ రేడియేషన్ లాంటి చికిత్స సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలు సాగుతుంది. రోజు లెక్కన లాడ్జిలో ఉంటే అప్పులపాలవుతారు. ఎన్ని వారాలు పడుతుందో డాక్టర్‌ను మొదటి వారమే అడిగి, వంట చేసుకునే వీలున్న గది వారం లేదా నెల లెక్కన మాట్లాడుకోవాలి. చికిత్సలో ఉన్న మనిషికి బయటి తిండి కంటే జొన్న సంగటో, చారన్నమో వేడిగా వండి పెట్టడమే నయం. అలాంటి గదుల అడ్రస్‌లు వార్డులో అప్పటికే ఉంటున్న కుటుంబాల దగ్గరే దొరుకుతాయి.

చుట్టాల ఇల్లు ఉందిగా?

"పెద్దమ్మ కొడుకు మియాపూర్‌లో ఉన్నాడు, రూమెందుకు?" అనుకునేవాళ్లు చాలామంది. ఒకటి రెండు రోజులకు మంచిదే. పని గాంధీ ఆస్పత్రిలో ఉంటే మాత్రం మియాపూర్ నుంచి రోజూ రావడం పేషెంటుకు శిక్షే. చెకప్ రోజు రాత్రి ఆస్పత్రి దగ్గర రూము తీసుకుని, పని అయ్యాక చుట్టాల ఇంటికి వెళ్లి ఒకపూట ఉండి రావడం ఇద్దరికీ సుఖం.

ఈ రోజుల్లో ఇంకాస్త ముందే..

ఏటా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నుమాయిష్ ఉంటుంది. మృగశిర కార్తెకు అక్కడే చేప ప్రసాదం పంపిణీ జరుగుతుంది. ఆ రోజుల్లో నాంపల్లి చుట్టూ రూముల కోసం తిప్పలు తప్పవు. వినాయక నిమజ్జనం రోజు హుస్సేన్‌సాగర్ చుట్టూ దారులు మూసేస్తారు. ఆ రోజు ఓపీ ఉంటే ముందురోజే ఆస్పత్రి పక్కకు చేరుకోవాలి. పెద్ద పోటీ పరీక్షల ముందురోజు సెంటర్ల చుట్టుపక్కల లాడ్జీలు త్వరగా నిండిపోతాయి. హాల్ టికెట్ వచ్చిన రోజే రూము చూసుకోవడం ఉత్తమం.

బస్సెక్కే ముందు ఒక్కసారి..

- పని జరిగే చోటుకు దగ్గరున్న మెట్రో స్టేషన్ పేరు కాగితం మీద రాసుకోవాలి.
- రూము అద్దె, రోజూ ఆటో, పన్ను, మూడో మనిషి చార్జి కలిపి మొత్తం వేసుకోవాలి.
- రెండు లాడ్జీల నంబర్లు దగ్గర ఉంచుకోవాలి. ఒకటి నిండితే రెండోది.
- మొదటి రోజుకు మాత్రమే డబ్బు కట్టి, రూము నచ్చితేనే పొడిగించుకోవాలి.
- ఓపీ చీటీ, పాత రిపోర్టులు, ఆధార్ ఒకే కవర్‌లో పెట్టుకోవాలి.
- ఇంట్లో ఉన్నవాళ్లకు లాడ్జి పేరు, రూము నంబరు దిగిన వెంటనే చెప్పాలి.

నంద్యాల బస్టాండులో పది నిమిషాలు కూర్చుని ఈ లెక్క వేసుకుంటే హైదరాబాద్‌లో కనీసం ఒక రోజు అద్దె మిగులుతుంది. పేషెంటు వెంట వెళ్లేవాళ్లకు ఆ డబ్బు రెండు రోజుల మందులకు పనికొస్తుంది.